పున్నయ్య గారి రెండు సీట్లు

నా నోరు మంచిది కాదని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఇది చదివి, సవరమ్మ సిస్టర్ మళ్లీ ఎవరినో దులిపేసిందని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఇరవై ఏడేళ్లుగా థియేటర్ నర్సుగా పని చేస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, రాస్తే మెమో వస్తుంది. నూజివీడు దాటాక మామిడి తోటల మధ్య ఉన్న ఒక ప్రభుత్వాసుపత్రి అనుకోండి, చాలు. నేను చెప్పేది అక్కడి పున్నయ్య గారి గురించి. ఆయన డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ మనిషి ఆరేళ్లపాటు మా ఆసుపత్రికి ఇద్దరు డాక్టర్లను తెప్పించాలని కాళ్లరిగేలా తిరిగారు.

పున్నయ్య గారిది విస్సన్నపేట దగ్గర పల్లె. వాళ్ల నాన్న తోట కాపలాదారు. ఈయన మంచె మీద కూర్చుని పదో తరగతి చదివారట. పరీక్ష రాసి గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నా మామిడి ఆయన్ని వదల్లేదు. చుట్టుపక్కల ఎవరు తోటను వ్యాపారికి కాపు మీద ఇవ్వాలన్నా కాగితం ఆయన చేతే రాయించుకునేవారు. మా వైపు రైతులు కాయ దాకా ఆగరు. పూత చూసి బేరం చేస్తారు, ఒక్కోసారి రెండు మూడు కాపులు కలిపి ముందే ఇచ్చేస్తారు. ఆ కాగితం గట్టిగా లేకపోతే తరవాత తలకాయలు పగులుతాయి. పున్నయ్య గారు రాసిన కాగితం మీద ఇంతవరకూ ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. రాసినందుకు డబ్బు తీసుకోరు. కోతల రోజుల్లో ఓ బుట్ట చిన్న రసాలు తెచ్చి ఆయన బల్ల కింద పెట్టి వెళ్తే, మధ్యాహ్నానికల్లా మేమంతా తినేసేవాళ్లం. ఆయనకు మిగిలేవి టెంకలే.

ముక్కు మీద కోపం ఆయనకు. నాకూ అంతే. అందుకే మా ఇద్దరికీ పొసిగింది.

మాది వంద పడకల ఆసుపత్రి. సర్జన్ గారు ఉన్నారు, కాన్పుల డాక్టరమ్మ ఉన్నారు. మత్తు డాక్టరు మాత్రం ఒక్కరే, శ్రీరమ్య గారు. ఆవిడను కూడా మంగళవారం, శుక్రవారం ఇంకో ఆసుపత్రికి పంపుతారు. అక్కడ అసలెవరూ లేరు కాబట్టి మా దగ్గర ఉన్న ఒక్కరినీ చెరి సగం చేశారు. ఆ రెండు రోజులూ మా థియేటరుకు తాళమే. కడుపు కోయాల్సిన కేసు ఏది వచ్చినా చీటీ రాసి, 108 ఎక్కించి, విజయవాడ పంపేయడమే. పళ్లు బిగబట్టుకుని నొప్పులు పడుతున్న పిల్లను బండెక్కిస్తూ, ఏం ఫరవాలేదమ్మా, దగ్గరే అని నేను ఎన్నిసార్లు అబద్ధం చెప్పానో లెక్కలేదు. ఎక్కడి దగ్గర? నలభై అయిదు కిలోమీటర్లు.

పీజీ సీట్ల మాట మొదట అన్నది శ్రీరమ్య గారే. ఎంబీబీఎస్ అయిన డాక్టరు మత్తు వైద్యంలో పెద్ద చదువు చదవాలంటే మూడేళ్లు ఒక ఆసుపత్రిలోనే ఉండి, పని చేస్తూ నేర్చుకోవాలి. మొదటి ఏడు పెద్ద డాక్టరు పక్కన నిలబడి నేర్చుకుంటారు. రెండో ఏడు వచ్చేసరికి ప్రాణం మీదికొచ్చిన కేసుకు పెద్ద డాక్టరు ఫోన్లో ఉంటే తామే మత్తు ఇవ్వగలుగుతారు. వాళ్లకు నెలనెలా స్టైపెండ్ ప్రభుత్వం ఇవ్వాలి. అలాంటి సీట్లు రెండు మనకొస్తే థియేటరుకు తాళం పడే రోజే ఉండదని ఆవిడ టీ తాగుతూ అన్నారు. మేమంతా విని ఊరుకున్నాం. పున్నయ్య గారు మాత్రం లేచి వెళ్లి ఫైలు తెరిచారు.

అప్పటికి ఆయన ఉద్యోగం ఇంకా ఆరేళ్లుంది. రిటైరయ్యేలోపు ఆ రెండు సీట్లు తెస్తానని నాతో అన్నారు. తన జీతం పెరగాలని కానీ, ప్రమోషన్ కావాలని కానీ ఆయన ఎవరినీ అడగ్గా నేను చూడలేదు. అడిగింది ఇదొక్కటే.

ఫైలు పెద్దాఫీసుకు వెళ్లింది. ఇద్దరికీ మూడేళ్ల స్టైపెండు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కలిపి కోటికి కాస్త తక్కువ. అంత భారం మోయలేమని తిరిగొచ్చింది. పున్నయ్య గారు ఊరుకుంటారా? మేము ఏడాదిలో ఎంతమందిని విజయవాడ పంపామో రిజిస్టర్లన్నీ తిరగేసి తీశారు. వాళ్లలో ఎంతమందికి ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆరోగ్య పథకం కింద ఆపరేషన్లయ్యాయో, దానికి ఇదే ప్రభుత్వం ఎంత కట్టిందో, అంబులెన్సులకు డీజిలెంతో అన్నీ పట్టికలు వేశారు. సీట్లు ఇవ్వకపోవడానికి అవుతున్న ఖర్చు ఇవ్వడానికి అయ్యే ఖర్చు కన్నా ఎక్కువని తేలింది. నెల తరవాత జవాబొచ్చింది. పథకం డబ్బు ఒక పద్దు, స్టైపెండు డబ్బు ఇంకో పద్దు, ఈ రెంటినీ కలిపి చూడటం కుదరదట. ఆ కాగితం చదివి నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే జేబు, ఒకే మనిషి చొక్కా, ఎడమ చెయ్యి పెడితే తప్పు, కుడి చెయ్యి పెడితే ఒప్పు!

పున్నయ్య గారు సొంత చార్జీలు పెట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్లారు. సింధూర గారనే ఆఫీసరమ్మ ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఓపిగ్గానే మాట్లాడిందట. ఆవిడ టేబులు మీద ఇలాంటి ఫైళ్లు పదిహేనున్నాయట. తిరిగొచ్చి ఆ మాటలు ఆయన నాకు అప్పజెప్పారు.

"బిల్డింగ్ అడగండి, ఇప్పిస్తాను. మెషిన్ అడగండి, చూద్దాం. ఇది అలా కాదండీ. ఒకసారి మొదలుపెడితే ఏటేటా ఇస్తూనే ఉండాలి. ఇంత పెట్టి నేర్పిస్తే, మూడేళ్లయ్యాక వాళ్లు మన దగ్గర ఉంటారా?"

"ఆ మూడేళ్లయినా ఉంటారు కదమ్మా. మాకు శుక్రవారం మూడు గంటలుండే దిక్కు కూడా లేదు."

ఆవిడకు ఆ మాట ఎక్కడో తగిలినట్టుంది. నాలుగో ఏడు సగంలో ఒక ఉత్తరం వచ్చింది. స్టైపెండు ప్రభుత్వం భరిస్తుంది, హాస్టలు కూడా కట్టిస్తుంది. సీట్లు ఖరారు చేసే బోర్డుకు కట్టాల్సిన దరఖాస్తు, తనిఖీల ఫీజు మాత్రం ఆసుపత్రి సొంతంగా తెచ్చుకోవాలి. హాస్టలు ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి. ఏప్రిల్ నెలాఖరులో తనిఖీకి వచ్చేవాళ్లకు పునాది పని కనిపించాలి. ఈ అనుమతికి ఏడాదే గడువు.

ఆ రోజు మా ఆఫీసులో పండగే. సర్జన్ గారు జిలేబీ తెప్పించారు. ఫీజు దాదాపు మూడు లక్షలు. అంత డబ్బు ఎక్కడినుంచి తేవాలని ఒక్కరు కూడా తల పట్టుకోలేదు. ఆసుపత్రి వెనక నలభై చిన్న రసం చెట్లున్నాయి, ఎవరో పాతకాలం డాక్టరు నాటించినవి. అది జనవరి. పూత విరగబడి ఉంది. మా ఊళ్లో పెళ్లికైనా, కాలేజీ ఫీజుకైనా, కొత్త ట్రాక్టరుకైనా డబ్బు కావలసినప్పుడు ఏం చేస్తారో పున్నయ్య గారూ అదే చేశారు. మూడు కాపులు కలిపి మల్లయ్యకు ఇచ్చేశారు. మల్లయ్య అంటే మామిడి వ్యాపారి, పాతిక తోటలు కొంటాడు. కాగితం పున్నయ్య గారే స్వయంగా రాశారు. సూపరింటెండెంట్ గారు సంతకం పెట్టారు. సాక్షి సంతకం నాది. మల్లయ్య మూడు లక్షలూ ఒకేసారి కట్టాడు, మేం ఆ మర్నాడే ఫీజు కట్టేశాం.

ఫిబ్రవరి చివర్లో ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. హాస్టలు ఎక్కడండీ అని అడిగాడు. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ముందు వైపు ఓపీ, పక్కన మార్చురీ, ఇంకో పక్క సెప్టిక్ ట్యాంకు. ఆవరణలో మిగిలిన ఖాళీ జాగా ఆ చెట్ల కింద ఉన్నదే. పదకొండు చెట్లు తీస్తే హాస్టలు పడుతుంది. ఆ మాట ఇంజనీరు నోటి వెంట వచ్చేదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. ముగ్గురు డాక్టర్లు, ఒక సూపరింటెండెంటు, కాగితాలు రాయడంలో అంత పేరున్న మనిషి, నేను. బయటివాడెవడైనా అయితే మొదటి రోజే అడిగేవాడు. మాకు మాత్రం చెట్టున్న చోటు ఖాళీ జాగాగా కనిపించదు. అది తోట. తోటను కాపు మీద ఇస్తాం, అంతే తెలుసు మాకు.

పున్నయ్య గారు ఆ సాయంత్రమే మల్లయ్య దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. మల్లయ్య చెడ్డవాడేం కాదు. మర్యాదగా కుర్చీలేశాడు. పిందె పడ్డ చెట్టును కొట్టడానికి కూలీ కూడా దొరకడని, మే నెలాఖరుకు కోత అయిపోతే ఆ పదకొండూ తానే తీయించి ఇస్తానని అన్నాడు. మాకు ఏప్రిల్లో కావాలి. అయితే తన డబ్బు తనకిచ్చేయమన్నాడు. ఆ డబ్బు ఫీజు కింద ఎప్పుడో వెళ్లిపోయింది, అది తిరిగి ఇచ్చేది కాదు. కాగితం చూద్దామని మల్లయ్య పెట్టెలోంచి తీశాడు. మూడు కాపులు పూర్తయ్యేదాకా ఏ కారణం చేతనైనా సరే ఏ చెట్టునూ నరకరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి పున్నయ్య గారు మళ్లీ మొదటినుంచీ చదివారు.

"నేనే రాశాను సవరమ్మా," అన్నారు దారిలో. "ఎవడూ విడదీయలేకుండా రాశాను."

తరవాత నెత్తీ నోరూ కొట్టుకున్నాం. ఎదురుగా అద్దె ఇల్లు హాస్టలుగా చూపిస్తామన్నాం. ఆవరణలోనే ఉండాలన్నారు. తనిఖీ జూన్‌కు మార్చమని ఉత్తరం రాశాం. కుదరదన్నారు. ఏప్రిల్ ఇరవై ఆరున ఆ బోర్డు తరఫున ముగ్గురు డాక్టర్లు కారులో వచ్చారు. థియేటర్ చూశారు, బాగుందన్నారు. నన్ను పేరు పెట్టి పలకరించారు. వెనక్కి వెళ్లి చూస్తే ముగ్గు పిండితో గీసిన గీతలున్నాయి, గీతల మధ్య కాయలతో వంగిపోయిన చెట్లున్నాయి. అందులో పెద్దాయన ఒక కాయ పట్టుకుని ఇవి ఎప్పుడు పండుతాయని అడిగారు. లోపం ఉంది, వచ్చే ఏడాది కొత్త ఫీజుతో రండి అని రాసి వెళ్లిపోయారు.

జూన్‌లో మల్లయ్య మాట మీద నిలబడ్డాడు. మిగతా రెండు కాపుల్లో ఆ పదకొండు చెట్లూ వదులుకుంటానని కబురు పెట్టాడు. కానీ అనుమతి గడువు డిసెంబరుతో అయిపోతుంది, ఫీజు కట్టడానికి ఈసారి అమ్ముకునే కాపు లేదు. పున్నయ్య గారు అనుమతి పొడిగించమని రాశారు. సింధూర గారికి బదిలీ అయింది. ఆమె కుర్చీలోకి వచ్చినాయన మొదటినుంచీ ప్రతిపాదన పంపమన్నాడు. పంపారు. పొదుపు చర్యలు అమల్లో ఉన్నాయని తిరిగొచ్చింది. మళ్లీ పంపారు. పాత లెక్కలు పనికిరావు, కొత్తవి కావాలన్నారు. కొత్తవి వేశారు. రెండేళ్లు ఇలాగే గడిచాయి. అనుమతి లేకుండా చెట్లెందుకు కొట్టడమని సూపరింటెండెంట్ గారు వాటిని ఉంచేశారు. మల్లయ్య రెండో కాపు కోసుకున్నాడు. మూడోదీ కాసింది.

ఈ ఏడు మే నెల, శుక్రవారం, పొద్దున పదింటికి మల్లయ్య మనుషులు వెనక కాయ కోస్తున్నారు. శివ అని చాట్రాయి వైపు కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయేమో, చిటారు కొమ్మ మీదికి కాయ కోసే వలసంచి, చిక్కం, పట్టుకుని ఎక్కాడు. వాళ్లావిడ రమణమ్మ కింద బుట్టలు సర్దుతోంది. కొమ్మ విరిగింది. నేను కిటికీలోంచి ఆ చప్పుడు విన్నాను. థియేటర్ గోడకు అరవై అడుగులుండదు ఆ చెట్టు.

స్ట్రెచరు మీద లోపలికి తెచ్చేసరికి మాట్లాడుతున్నాడు. కడుపు గట్టిగా అయిపోయింది, నాడి పరుగెడుతోంది. లోపల రక్తం పోతోంది, వెంటనే తెరవాలి అన్నారు సర్జన్ గారు. ఆయన ఉన్నారు. నేనున్నాను. సామాన్లన్నీ ఉన్నాయి, రక్తం రెండు బాటిళ్లున్నాయి. శుక్రవారం కాబట్టి శ్రీరమ్య గారు లేరు. ఫోన్ చేశాం. ఆవిడ అక్కడ ఒక కాన్పు ఆపరేషన్ మధ్యలో ఉన్నారు, వదిలి రావడానికి వీల్లేదు, వచ్చినా గంటన్నర. ఫోన్లో ఆవిడ ఏడ్చారు. సర్జన్ గారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, చీటీ రాశారు.

శివను మళ్లీ స్ట్రెచరు మీద బయటికి తెస్తుంటే రమణమ్మ అడ్డం నిలబడింది.

"ఆసుపత్రిలోనే పడ్డాడు కదండీ. ఇంకే ఆసుపత్రికండీ?"

నా నోరు మంచిది కాదన్నానే, ఆ నోటితోనే ఏం ఫరవాలేదమ్మా, దగ్గరే అని ఆమెనూ బండెక్కించాను. పున్నయ్య గారు ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చి 108 ఎక్కారు. ఆయన ఎక్కాల్సిన పని లేదు, ఎవరూ ఎక్కమననూ లేదు. రమణమ్మ పక్కన కూర్చుని సెలైన్ బాటిలు పట్టుకున్నారట. బండి హనుమాన్ జంక్షన్ వైపు తిరిగింది. బాపులపాడు దాటాక శివ పోయాడు.

మల్లయ్య ఆ వారం మిగిలిన కాయ కోయించలేదు. చెట్ల కిందే రాలి కుళ్లింది. ఆ వాసనకు ఓపీలో జనం ముక్కులు మూసుకున్నారు.

పున్నయ్య గారిని ఎవరూ ఏమీ అనలేదు. అందరం ఆయనకు ధైర్యమే చెప్పాం. ఆ పెద్దాఫీసు వాళ్లననాలి కానీ మిమ్మల్ని ఎవరంటారని నేను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఆయన వినిపించుకోలేదు. ఆ ఏడే సీట్లొచ్చి ఉంటే ఇప్పటికి ఒక పిల్ల డాక్టరు రెండో ఏడాదిలో ఉండేది సవరమ్మా, శుక్రవారం ఇక్కడే ఉండేది అన్నారు. 

జూన్ ఆఖరి వారంలో రమణమ్మ వచ్చింది, మరణ ధ్రువీకరణ కాగితాల కోసం. నాలుగు రోజుల్లో పున్నయ్య గారి రిటైర్మెంటు. నేను సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. ఆయన ఆమెను కూర్చోమన్నారు. కూర్చోలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆయన ఉన్నదంతా చెప్పారు. సీట్లంటే ఏంటో, అవి ఎందుకు అడిగారో, ఫీజు కోసం చెట్ల కాపు అమ్మింది తానేనని, ఆ కాగితం రాసింది తానేనని, ఆ చెట్ల వల్లే తనిఖీ తప్పిందని, శివ ఎక్కింది కొట్టాల్సిన ఆ పదకొండు చెట్లలో ఒకటేనని. ఒక్కటీ దాచలేదు. నాకు ఆపాలనిపించింది, ఆపలేకపోయాను.

ఆమె అంతా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరేం చేస్తారండీ? డాక్టరు లేకపోతే గుమాస్తా గారేం చేస్తారు?"

ఓదార్చడానికే అంది ఆ మాట.

"డాక్టర్ని తెచ్చే పని నాదేనమ్మా," అన్నారు పున్నయ్య గారు.

రమణమ్మకు అది అర్థమైనట్టు లేదు. సంతకం ఎక్కడ పెట్టాలండీ అని అడిగింది. ఆయన కాగితం ఆమె వైపు తిప్పి, కింద గీత మీద వేలు పెట్టి చూపించారు.